తిరిగొచ్చిన నోటు

అప్పు తీర్చిన రైతు ముందుగా తన నోటు తనకిమ్మని అడుగుతాడు. రెవెన్యూ స్టాంపు మీద తాను సంతకం పెట్టిన, లేదా వేలిముద్ర వేసిన ఆ కాగితం చేతికి వచ్చేదాకా అతనికి నిద్ర పట్టదు. అసలూ మిత్తీ పైసలతో సహా కట్టినా సరే, నోటు షావుకారు పెట్టెలో ఉన్నన్నాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ లేవొచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఈ భయం గురించి ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. రక్షణను జమాఖర్చుల భాషలో చెప్పే బోధ ఇక్కడి క్రైస్తవ సంఘాల్లో గుండెకు తాకుతుందంటే కారణం అదే.

కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఎత్తుకున్నదీ ఈ కాగితం సంగతే. అతను వాడిన గ్రీకు మాట ఖైరోగ్రఫోన్. బాకీదారు తన చేత్తో రాసిచ్చిన పత్రం అని దాని అర్థం. దేవుడు ఆ పత్రం మీది రాతను చెరిపాడనీ, అంతటితో ఊరుకోకుండా దాన్ని అడ్డం లేకుండా తీసేసి సిలువకు మేకుతో కొట్టాడనీ పౌలు అంటాడు. బాకీ కొట్టివేయడం ఒక పని, నోటు లేకుండా చేయడం ఇంకో పని. ఆ రెండో పని విలువ అప్పు చేసినవాడికే తెలుస్తుంది.

ఈ నోటు గురించి ఇంకో మాట చెప్పాలి. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. ఆలోగా ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే, ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు నడుస్తుంది. వంద రూపాయల చెల్లు లక్ష రూపాయల నోటుకు ఊపిరి పోస్తుంది. మన మంచి పనులతో దేవుడి బాకీ తీర్చుకుంటామనే ఆలోచనకు ఇంతకంటే సరైన పోలిక నాకు దొరకలేదు. కొంచెం కొంచెం కట్టే ప్రతి చెల్లూ బాకీ ఉందని ఒప్పుకుంటూ దాన్ని కొనసాగించే సంతకమే.

ఈ పోలికలు బోధకులు బయటి నుంచి తెచ్చి అతికించినవి కావు. యేసు మాట్లాడిన అరామిక్‌లో ‘హోబా’ అంటే అప్పు, పాపం రెండూ. అందుకే పరలోక ప్రార్థనలో మత్తయి ‘ఋణములు’ అంటే లూకా ‘పాపములు’ అన్నాడు. అబ్రాహాము విశ్వాసం నీతిగా ‘ఎంచబడింది’ అన్నచోట గ్రీకు మాట లొగిజొమై, అంటే పద్దులో రాయడం. పారిపోయిన దాసుడు ఒనేసిము ఏమైనా బాకీ పడితే తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు రాశాడు. మన భాషలో అది జామీను. తెలుగు బైబిల్లో పరిశుద్ధాత్మను ‘సంచకరువు’ అన్నారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు కానీ, బయానా అనగానే ముసలమ్మ కూడా తలూపుతుంది. బయానా ఇచ్చేవాడు కొనేవాడు. బేరం తప్పితే పోగొట్టుకునేదీ అతనే. ఇక్కడ కొనేవాడు దేవుడు.

విమోచన అన్న మాటకు ఈ నేల మీద మరింత బరువుంది. నిజాం కాలంలో పెళ్లికో చావుకో అప్పు చేసినవాడు దొర ఇంట భగేలాగా, అంటే అప్పు కింద కట్టుబడ్డ జీతగాడిగా కుదిరేవాడు. కూలి మిత్తికే చాలేది కాదు. తండ్రి పోతే కొడుకు కుదరాలి. ఒకటికి ఒకటిన్నర తిరిగి కొలిచే నాగు ధాన్యం సంగతి సరేసరి. వెట్టి మీద తిరగబడిన కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆ కడవెండి ఇవాళ జనగామ జిల్లాలో ఉంది. అప్పు కింద మనిషిని కట్టేసుకోవడాన్ని దేశమంతటా రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. క్రయధనం చెల్లించి ఒకరు విడిపించడం అనే మాట ఇలాంటి చోట అలంకారం కాదు, తాతల బతుకు.

మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో మరో ఖాతా తెరుచుకుంది. 1912 డిసెంబర్ 29న తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1945లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశాడు. సంఘంలో అత్యధికులు భూమి లేని మాల, మాదిగ కుటుంబాలు. అయినా ఇవ్వడం వాళ్ల హక్కని అతను నమ్మాడు. క్రైస్తవ దానం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం దేవుడి కుండలో వేసే అలవాటు ఆ నమ్మకానికి తగినదే. ఆ పిడికెడు వాయిదా కాదు, కృతజ్ఞత. తీరిన బాకీకి వాయిదాలు ఉండవు.

అందుకే ‘విత్తన కానుక’ వేస్తే నూరంతలు వస్తుందని చెప్పే బోధ నన్ను బాధిస్తుంది. అది రక్షణ లెక్కను మిత్తి వ్యాపారంగా మారుస్తుంది, అదీ మిత్తికి నలిగిన మనుషుల ముందు. సిలువ మీద యేసు పలికిన ‘సమాప్తమైనది’ అన్న గ్రీకు మాటను పాత రసీదుల మీద ‘పూర్తిగా చెల్లించబడింది’ అనే అర్థంతో రాసేవారని గట్టిగా చెప్పడం కూడా మానుకోవాలి. దానికి ఆధారం బలమైనది కాదు. ఆ క్రియను పన్ను కట్టడానికి వాడిన మాట నిజం, మత్తయి 17లోనే ఉంది. అంతవరకు చెప్తే చాలు.

మంచి బోధకుడు లెక్క ఎక్కడ తెగిపోతుందో చూపిస్తాడు. మత్తయి 18లో రాజుకు దాసుడు బాకీపడింది పదివేల తలాంతులు. ఒక తలాంతు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్లు. ‘ఓపిక పట్టు, అంతా కడతా’ అని అతను వేడుకున్నప్పుడు రాజు వాయిదాలు కట్టలేదు, మాఫీ చేశాడు. బయటికొచ్చి అతను గొంతు పట్టుకున్న తోటి దాసుడి బాకీ 100 దేనారాలు, మూడు నాలుగు నెలల కూలి. యజమాని అందరికీ ఒకే కూలి ఇచ్చిన ద్రాక్షతోట కథలోనూ లెక్క ఇలాగే తెగుతుంది. దాన్ని భూపాలపల్లి బొగ్గు బావుల దగ్గర చెప్పాలంటే మస్టర్లతో, అంటే హాజరు లెక్కతో చెప్పాలి. పొద్దుగూకే గంట ముందు దిగినవాడికీ పూర్తి మస్టర్ పడిందంటే పొద్దున్నే దిగినవాడు అలుగుతాడు. ఆ అలుక సహజం. కథంతా ఆ అలుక మీదే నిలబడింది. ప్రేమ గురించి రాసిన 1 కొరింథీ 13లోనూ పౌలు అదే లొగిజొమై వాడాడు. అయితే ప్రేమ కీడును పద్దులో రాయదని చెప్పడానికి వాడాడు.

ఈ పోలికలు చెప్పే బోధకులకూ, వినే సంఘ పెద్దలకూ నాదొక విన్నపం. ఎవరిదైనా తీరిన బాకీ నోటు మీ ఇంటి పెట్టెలో ఇంకా ఉంటే, వచ్చే ఆదివారం లోపు తీసుకెళ్లి వాళ్ల చేతికివ్వండి.