నేల తరగతి రసజ్ఞులు

జానపద చలనచిత్రములను గూర్చి మన విమర్శకులు వ్రాసినది స్వల్పము. ఆ చిత్రములకు ఈలలు వేసిన ప్రేక్షకులను గూర్చి వ్రాసినది అంతకంటెను స్వల్పము. ఆ కొద్దిలోను, అట్టకోటలను నిజమైన కోటలనియు, దారమున వ్రేలాడు చిలుకను ప్రాణమున్న చిలుకయనియు భ్రమపడిన అమాయకులుగా వారిని చిత్రించుటయే తరచుగా కానవచ్చును. తడ మొదలు కావలి దాక వ్యాపించిన నాటి నెల్లూరు సాగరతీరమున, ఉప్పుమడుల చెంతను, బకింగ్‌హాము కాలువ రేవులయందును, పట్టపుపాలెముల పొలిమేరలలోను డేరాలు వేసికొని ఆడిన టూరింగు టాకీసులలో ఆ చిత్రములను చూచిన తరము వారితో కూర్చుండి మాటలాడినవారికి ఈ చిత్రణ మెంత అన్యాయమో బోధపడును. వారికి దారము కనబడెను. గాలికి అట్టకోట అదరుటయు కనబడెను. కనబడినను వారు కథను విడువలేదు.

ఆ చూపు వారికి సినిమాతో వచ్చినది కాదు. తెల్లని తెర కట్టి, దాని వెనుక దీపములు వెలిగించి, తోలుబొమ్మలను తెల్లవార్లు ఆడించిన బృందములు నెల్లూరు సీమ పల్లెలలో తరతరములుగా సంచరించినవి. ఆ ఆటలో హనుమంతుని నిలువునా పట్టియుంచు వెదురుబద్ద ప్రేక్షకునకు స్పష్టముగా కానవచ్చును; చేతిని కదల్చు పుల్లయు కానవచ్చును; రావణుని పలుకులు ఎవరి గొంతునుండి వచ్చుచున్నవో ఊరివారందరికిని తెలియును. యుద్ధము నడుమ హాస్యపు బొమ్మలైన జుట్టుపోలిగాడును బంగారక్కయు చొరబడి, ఊరి సంగతులు మాటలాడి, నవ్వించి పోవుదురు. అయినను లంకాదహన ఘట్టము వచ్చినంతనే, నిద్రించు పిల్లలను గూడ తట్టి లేపి చూపుదురు. పుల్లను చూచుచునే హనుమంతుని దర్శించు ఈ ద్వంద్వదృష్టి అభ్యాసబలమున సిద్ధించిన విద్య. దానిని అమాయకత్వమనుట ఆ విద్యను ఎరుగకపోవుటయే. డేరాలోని తెరముందు చతికిలబడినవాడు ఈ విద్యతోనే చతికిలబడెను.

చిత్రనిర్మాణమంతయు మదరాసున సాగిన కాలమున, రైలెక్కిన పూటలోపలనే ఆ నగరమును చేరగల ఈ జిల్లా, ప్రేక్షకులతోపాటు నటులను గూడ జానపదకళకు సమర్పించినది. జగదేవిపేటలో పుట్టిన తిక్కవరపు రమణారెడ్డి 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుని ఆశ్రమమునందలి మాయావి చిన్నమయ్యగా నటించెను. కావలివాడైన రాజనాల కాళేశ్వరరావు 1953లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘ప్రతిజ్ఞ’లో ప్రతినాయకుడుగా తెరకెక్కెను; ఆ చిత్రముననే నల్లగొండ సీమ నుండి వచ్చిన కాంతారావు నాయకుడయ్యెను. అటుపిమ్మట చిరకాలము ఆంధ్రదేశపు డేరాలలో కత్తి దూసి ఎదురెదుర నిలిచిన ప్రసిద్ధమైన జంట ఈ యిరువురే. రాజనాల వికటాట్టహాసమునకు కావలి ప్రాంతమువారు మాత్రము, మావాడను అభిమానముతో, భయమునకు మారుగా చప్పట్లు కొట్టిరన్నచో ఆశ్చర్యపడ నవసరము లేదు.

విజయా వారి ‘పాతాళభైరవి’ (1951) వంటి చిత్రములు సంపన్నమైనవి, కె.వి. రెడ్డి దర్శకత్వమును, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమును, దీర్ఘకాల పరిశ్రమమును వాటి వెనుక నుండినవి. నేను చెప్పబూనినది వాటిని గూర్చి కాదు. వాటి నీడలో, పరిమితమైన పెట్టుబడితో, పరిమితమైన దినములలో పుట్టిన చిత్రముల పరంపర యొకటి కలదు. దానికి అధినాయకుడు బి. విఠలాచార్య. 1920లో ఉడుపి చెంతగల ఉద్యావరమున జన్మించి, కన్నడదేశమున హోటలు నడిపి, ఆపై టూరింగు టాకీసు నడిపి, ఆ పిదప నిర్మాతయై, దర్శకుడై తెలుగునకు వచ్చిన ఈ కన్నడిగుని మన జనము ‘జానపద బ్రహ్మ’ యని పిలుచుకొన్నది. డేరాలో టిక్కెట్లమ్మిన అనుభవము ఆయన చిత్రములలో ప్రతి రీలునందును కనబడును. నేలపై కూర్చున్నవాడు ఎప్పుడు కదలునో, ఎప్పుడు నిలుచునో, ఎంతసేపు మాటలను సహించునో, ఆ పిమ్మట ఎప్పుడు ఒక పాము గాని, ఒక దయ్యము గాని రావలెనో ఆయన లెక్క తప్పదు.

ఆయన వర్గమువారు వాడిన ఉపాయములు పేదవే గాని అల్పమైనవి కావు. కెమేరాను నిలిపి, నటుని ప్రక్కకు తొలగించి, మరల త్రిప్పినచో మనిషి మాయమగును. ఫిల్మును వెనుకకు నడిపినచో విసరిన ఆయుధము చేతికి తిరిగివచ్చును, రగిలిన మంట అణగిపోవును. కటకమున సగమును నల్లని అట్టతో మూసి చిత్రించి, ఫిల్మును మొదటికి త్రిప్పి, తక్కిన సగమును తెరచి మరల చిత్రించినచో ఒకే నటుడు ఇరువురై సంభాషించును. ఏ క్షణమున నైనను కెమేరా వెండ్రుకవాసి కదలెనా, ఆనాటి శ్రమయంతయు వ్యర్థము. క్షణమునకు 24 చట్రములు నడువవలసిన యంత్రమును కొంత నెమ్మదింపజేసి చిత్రించినచో, తెరపై కత్తియుద్ధము మెరుపువలె సాగును. ‘సీతారామ కల్యాణం’ (1961) మొదలుకొని ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ఈ విద్యలో ఎంతటి నేర్పు చూపెనో ఆ చిత్రము చూచినవారెరుగుదురు. సభామందిర మొక్కటియే, తెరలు మార్చి, స్తంభముల రంగు మార్చినచో అదియే శత్రురాజ్యమగును. నటుని కాల్షీటు దొరకనప్పుడు, శాపమను నెపమున నాయకుని మేకగానో చిలుకగానో మార్చి విఠలాచార్య కథ నడిపెననుట సినీజనములో నేటికిని చెప్పుకొను మాట. కొరతను కథలోని మలుపుగా మార్చగలిగిన ఆ బుద్ధిని నేను మనసార గౌరవింతును.

తీరవాసులకు ఒక్క చోట మాత్రము ఈ ఉపాయములు చాలవు. తొట్టిలోని నీటిపై బొమ్మ ఓడను తేలించి సముద్రమని చూపునపుడు, కెమేరా వేగమును ఎంత పెంచినను నీటిబొట్టు పరిమాణమును చిన్నది చేయుట ఎవరి తరమును కాదు. అల విరిగినచో తుంపర గోలీకాయలంతేసియై రాలును. తెల్లవారుజామున నిజమైన అలపైకి పడవ నెక్కించువాని కన్ను దీనిని క్షమించునా? అయినను నవ్వి ఊరకుండుటయే గాని లేచిపోవుట లేదు. వారు లేచిపోవు సందర్భము వేరుగా కలదు, విషయమంతయు అచ్చటనే యున్నది.

జానపద కథకు కొన్ని నియమములు గలవు. మాంత్రికుని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నదని ఒకసారి చెప్పినచో, వాడు కత్తిపోటునకు చావరాదు. వరమున్నచో దానికొక మినహాయింపు ఉండవలెను. శాపమున్నచో విమోచనమార్గ ముండవలెను. 1964 నాటి ‘అగ్గిపిడుగు’లో కవలలుగా ఎన్.టి. రామారావు ద్విపాత్రాభినయము చేసెను. ఒకనికి తగిలిన దెబ్బ రెండవవానిని బాధించుట అందలి నియమము. అది ఒక్కసారి తెలిసిన పిమ్మట, ఎచ్చట ఎవనిపై కొరడా లేచినను, రెండవవాడు ఎచ్చట ఏ స్థితిలో నుండెనో యని ప్రేక్షకుడు తనంతట తానే లెక్కవేసికొనును. ఈ లెక్క తప్పినప్పుడే నేల తరగతి భగ్గుమనును. పేదతనమును క్షమించిన జనము మాట తప్పిన కథను క్షమింపదు. కాశీమజిలీ కథలు విని, చందమామ చదివి, చదువురానివారు చదివించుకొని పెరిగినవారికి ఈ న్యాయశాస్త్రము కరతలామలకము.

దూరదేశమునందును ఈ న్యాయమే చెల్లుచున్నది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టు కొందరు కూర్చుండి, ఒకడు కథకుడై లోకమును వర్ణింప, తక్కినవారు వీరులుగా, మాంత్రికులుగా పాత్రలు ధరించి, తాము చేయబోవుదానిని నోటితో చెప్పి, పలుముఖముల పాచికలతో ఫలమును నిర్ణయించుకొందురు. 2000లో కోర్ట్నీ సాలమన్ ఈ ఆట పేరున, కోట్ల డాలర్ల వ్యయముతో తీసిన చిత్రమును ఆటగాండ్రు చాలమంది నిరసించిరి. తమ మంత్రములకును, భూతములకును గల మర్యాదలను అది పాటింపలేదనునది వారి ఫిర్యాదులలో నొకటి. 2005లో అంతకంటె చాల తక్కువ వ్యయముతో వచ్చిన రెండవ చిత్రము, పుస్తకములలోని మంత్రములను వాటి పేర్లతో, వాటి పద్ధతులతో వాడినందున, వారిలో కొందరి మన్నన పొందెను. 2002లో విద్యార్థి మిత్రులు కొందరు అత్యల్పధనముతో తీసిన ‘ది గేమర్స్’ను ఆటగాండ్రు తమ బల్లవద్ద జరుగు తగవులనే తెరపై చూచినట్లు మురిసి, నేటికిని తలచుకొందురు. నెల్లూరి నేల తరగతి తీర్పునకును ఈ తీర్పునకును భేదమేమియు నాకు కనబడుట లేదు.

సామ్య మింతటితో ముగియలేదు. టూరింగు టాకీసులో చాల తావుల ప్రొజెక్టరు ఒక్కటియే. రీలు ముగిసినప్పుడెల్ల దీపములు వెలిగి, వేరుశనగకాయలవాడును సోడాలవాడును తిరిగి, కథ నిలిచిపోవును. నాయకుడు గుహలో చిక్కియుండగా నిలిచిన ఆ కొద్ది నిమిషములలో డేరా అంతయు సభయగును. ఉంగరము తీయవలెనని ఒకడు, తీసినచో శక్తి నశించునని మరియొకడు, ముందుగా భూతమును తృప్తిపరుపవలెనని ముసలమ్మ యొకతె. నిన్ననే చూచి మరల వచ్చినవాడు జరుగబోవునది చెప్పబోగా చుట్టునున్నవారు వానిని గద్దించి కూర్చుండబెట్టుట. మరల చీకటి పడి బొమ్మ కదలినంతనే, వెనుకనుండి వచ్చు రాక్షసుని నాయకుడు చూడలేదని ఏకకంఠముగా హెచ్చరిక. దర్శకుడీ కేకకు తావు విడిచియే దృశ్యమును కూర్చెను: ఆపద నాయకునికంటె ముందు ప్రేక్షకునకు చూపబడును, నాయకుడు తిరిగిచూచుట ఒకింత ఆలస్యమగును. ఆ ఆలస్యమును నిశ్శబ్దముగా, ఒంటరిగా గదిలో కూర్చుండి చూచువారు మాంద్యమందురు. డేరాలో అది కేకకు విడిచిన చోటు. మరునాడు తాటిమట్టల కత్తులతో పిల్లలు కాంతారావు, రాజనాల పాత్రలను పంచుకొని, పెద్దపిల్లవాని నొకనిని కథకునిగా, న్యాయాధిపతిగా నిలుపుకొని ఇసుకదిబ్బలపై ఆ కథను తమకు నచ్చిన దారిని మరల నడిపిరి. పాచికలొక్కటియే కొరత.

1978లో వచ్చిన ‘జగన్మోహిని’ ఈ పరంపర యొక్క చివరి మహావిజయములలో నొకటి. నరసింహరాజు, జయమాలిని నటించిన ఆ చిత్రమున దయ్యము పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేయును. దానికి కావలసిన ఖర్చెంత? ఒక పొయ్యి, ఒక జత కొయ్యకాళ్లు. ఆ ఘట్టమున మొదట కెవ్వున అరచి, తరువాతి క్షణమున విరగబడి నవ్వి, ఇంటికి పోయి పొయ్యి వెలిగించునపుడు మరల జ్ఞాపకము చేసికొన్న స్త్రీలు ఎందరో. అరపును నవ్వును ఒకే ఊపిరిలో పుట్టించుట, మన ఆలంకారికులు భయానక హాస్యముల సంకరమును గూర్చి ఎంత చర్చించినను, చేసి చూపుట కష్టమైన పని.

ఈ జిల్లాలోని ఉదయగిరిలో జన్మించి, కె.వి. రెడ్డి వద్ద సహాయకుడుగా విద్య నేర్చిన సింగీతం శ్రీనివాసరావు 1994లో ‘భైరవద్వీపం’ తీసెను. అప్పటికి డేరాలు చాలవరకు పోయినవి, తీరమున రొయ్యల గుంటలు వెలిసినవి, జానపదములకు కాలము చెల్లినదని పరిశ్రమలో అనుకొనుచుండిరి. ఆ చిత్రమున నాయికను బ్రదికించుటకై నాయకుడు తన అందమును విడిచి కురూపి యగును. అగ్రశ్రేణి నటుడైన బాలకృష్ణ ముఖమును అంతసేపు వికృతముగా చూపినచో అభిమానులు సహింపరని శంకించుట సహజము. కాని మేలు కోరినవాడు వెల చెల్లింపవలెనను నియమము వారికి పుట్టుకతో తెలిసినది. చిత్రము జయప్రదముగా నడిచెను. ఆ జయమునందు కొంత భాగము, నలువది యేండ్లుగా దారమును చూచుచునే చిలుకను నమ్మిన నేల తరగతివారికి చెందును.