భయపెట్టినవాడు, భయపడినవాడు

హత్యలు, దెయ్యాలు, పిచ్చి, చావు సరుకుగా నడిచే ర్యాప్‌ను హారర్‌కోర్ అంటారు. ఆ బాటలో ముందు నడిచినవాళ్లలో బుష్‌విక్ బిల్ ఒకడు. ఫోన్లో ర్యాప్ వింటూ తామూ పాట కట్టాలనుకునే మన పిల్లలు, వాళ్లకు చదువు చెప్పే మాస్టార్లు అతని బతుకును, పాటను కలిపి చూడాలి. అందులో అనుకరించాల్సింది కొంతే ఉంది. ఆలోచించాల్సింది మాత్రం చాలా ఉంది.

అతని అసలు పేరు రిచర్డ్ షా. 1966లో జమైకాలో పుట్టాడు, న్యూయార్క్‌లోని బుష్‌విక్ పేటలో పెరిగాడు. పుట్టుకతోనే మరుగుజ్జు, పెద్దయ్యాక కూడా ఎత్తు నాలుగడుగులు దాటలేదు. నల్లవాడు, వలస వచ్చినవాడు, పైగా పొట్టివాడు. మూడు రకాల వేలెత్తి చూపులు మోస్తూ హ్యూస్టన్ చేరాడు. అక్కడి ఫిఫ్త్ వార్డ్ పేద నల్లవాళ్ల పేట. ఆ పేటవాళ్ల ర్యాప్-ఎ-లాట్ కంపెనీ కట్టిన గెటో బాయ్స్ బృందంలో మొదట అతను డాన్సర్ మాత్రమే. జనం నవ్వుకోడానికి వేదిక ఎక్కించిన మనిషి తర్వాత మైకు అందుకున్నాడు. తనను చూసి నవ్వినవాళ్లను భయపెట్టడం మొదలుపెట్టాడు.

1990లో వాళ్ల ఆల్బమ్‌ను పంపిణీ చెయ్యబోమని గెఫెన్ కంపెనీ తేల్చి చెప్పింది. 'మైండ్ ఆఫ్ ఎ లునాటిక్' లాంటి పాటల్లోని హత్య, అత్యాచారాల వర్ణనలు కారణమంది. ఆ పాట విన్నవాళ్లెవరికైనా అభ్యంతరం అర్థమవుతుంది. అయితే నాలుగేళ్ల ముందు, నాజీ వైద్యుడి ఘాతుకాల మీద పాట ఉన్న స్లేయర్ బృందం రికార్డును అదే గెఫెన్ పంపిణీ చేసింది. ఆ బృందం నల్లవాళ్లది కాదు. ఒకరు పాడితే కళ, ఇంకొకరు పాడితే నేరం. రాక్షసుడి వేషం ఎవరైనా వెయ్యొచ్చు. కానీ కొందరి విషయంలోనే లోకం వేషాన్ని ఒంటి చర్మం అనుకుంటుంది.

ఈ మాట మనకు కొత్తది కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తర్వాత యెరుకలవాళ్లు ఆ చట్టం కిందికి వచ్చి, పుట్టుకతోనే దొంగలని రాయించుకున్నారు. 1952లో చట్టం పోయింది కానీ స్టూవర్టుపురం పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది ఇప్పటికీ దొంగల సినిమానే. కొండ మనిషిని తెర మీద చూపించాలంటే మెడలో ఎముకల దండ వేస్తే చాలనుకునే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. కాబట్టి లోకం తగిలించిన ముసుగును లోకం మీదికే తిప్పిన ఆ పొట్టి మనిషి తెగువ మనకు తెలిసిన తెగువే.

తెగువను మెచ్చుకున్నాక, దెబ్బ ఎవరికి తగిలిందో కూడా చూడాలి. లునాటిక్ పాటలో భయపెట్టింది ఎవరిని? పోలీసుని కాదు, ఇంటి యజమానిని కాదు, రికార్డు కంపెనీని కాదు. ఆడమనిషిని. పైవాడి మీద కోపం కిందున్న మనిషి మీద తీర్చుకోవడం పాత అలవాటు. దాన్ని తిరుగుబాటు అనలేం. గెఫెన్ వివక్ష నిజమే. అది నిజం కాబట్టి ఈ పాట తప్పు చిన్నదైపోదు.

1991లో పాటలోని హింస ఇంట్లోకి వచ్చింది. తాగిన మత్తులో, చావాలన్న తెగింపుతో, తన స్నేహితురాలితో తుపాకీ కోసం పెనుగులాడుతుంటే గుండు పేలి అతని కుడికన్ను పోయింది. బృందంలోని మిగతా ఇద్దరు, స్కార్‌ఫేస్, విల్లీ డి, ఆసుపత్రి నడవలో స్ట్రెచర్ మీదున్న అతని పక్కన నిలబడ్డారు. ఆ ఫోటోయే 'వుయ్ కాంట్ బి స్టాప్డ్' ఆల్బమ్ అట్టగా అచ్చయింది. ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది. ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ బాధేస్తుందని ఏళ్ల తర్వాత అతనే చెప్పుకున్నాడు. భయం వ్యాపారమైతే చివరికి అమ్ముడుపోయేది పాడినవాడి ఒళ్లే. వేషం తీసేసినా గాయం మిగిలింది.

విచిత్రమేమంటే, ఆ అట్ట లోపలే వాళ్ల గొప్ప పాట ఉంది: 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ'. ఐజాక్ హేస్ సినిమా సంగీతంలోంచి తీసుకున్న మెత్తని గిటారు మీద నడుస్తుంది. ఇందులో దెయ్యం బయట లేదు. నిద్రపట్టని మనిషి, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానం, చావాలన్న తలపు. బిల్ పాడిన చరణం హాలోవీన్ రాత్రి జరిగిన కొట్లాట. తీరా చూస్తే తను కొట్టింది మనిషిని కాదు, నేలను. ఆ చరణం రాసింది స్కార్‌ఫేసే అయినా బిల్ గొంతులో అది అతని కథలాగే వినిపిస్తుంది. భయపెట్టేవాడు మొదటిసారి 'నాకు భయంగా ఉంది' అన్నాడు. అమెరికా పాప్ జాబితాలో 23వ స్థానం దాకా పోయిన పాట ఇది. లునాటిక్ విన్నవాళ్లు ఉలిక్కిపడి ఊరుకున్నారు. దీన్ని విన్నవాళ్లు తమను తాము గుర్తుపట్టారు.

తర్వాత 1992లో సొంత ఆల్బమ్ 'లిటిల్ బిగ్ మ్యాన్' తెచ్చాడు. అందులో కన్ను పోయిన రాత్రిని దాచకుండా, తన తాగుడును కప్పిపుచ్చకుండా చెప్పాడు. 1995లో వచ్చిన 'ఫాంటమ్ ఆఫ్ ది రాప్రా' పేరులోనే మళ్లీ ముసుగు ఉంది. 2006లో క్రైస్తవ విశ్వాసంలోకి మారి, ఆ దారిలోనూ పాటలు చేశాడు. 2010లో మాదకద్రవ్యాల కేసులో అరెస్టయినప్పుడు జమైకాకు తిప్పి పంపేస్తారన్న ముప్పు ఎదురైంది. చిన్నప్పటి నుంచి బతికిన దేశంలో కూడా అతను ఇంకా పరాయివాడే. 2019 జూన్ 9న క్లోమ క్యాన్సర్‌తో 52 ఏళ్లకు చనిపోయాడు.

గోండు, కోయ, లంబాడీ, సవర భాషల్లో ర్యాప్ కట్టే పిల్లలకు ఇందులో ఒక కొలబద్ద దొరుకుతుంది. మన పాటలోనూ భయం ఉండాల్సిందే. భూమి పోతుందన్న భయం, కేసు పెడతారన్న భయం, ఊరు మునిగిపోతుందన్న భయం మన దగ్గర కావలసినంత ఉన్నాయి. పాట రాశాక ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: ఇది విని భయపడేది ఎవరు? మనకంటే బలమైనవాడా, మన ఇంటి ఆడపిల్లా? బడిలో మాస్టార్లు రెండు పాటలూ పిల్లలకు వినిపించనక్కర్లేదు. ఈ ప్రశ్న ఒక్కటి బోర్డు మీద రాసి పిల్లల్ని మాట్లాడనిస్తే చాలు.