తొర్రకు దూరంగా కెమెరా

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కును 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. దాదాపు 390 ఎకరాల ఈ పొదల అడవిలో బంగారు వీపు వడ్రంగి పిట్ట తరచుగానే కనిపిస్తుంది. రోజూ వచ్చిపోయే జనానికి అలవాటు పడ్డ పక్షి కాబట్టి ఇలాంటి పార్కుల్లో దాని గూటిని ఫొటో తీయడం సులువనిపిస్తుంది. అయితే పక్షి అలవాటు పడింది నడిచి వెళ్లిపోయే మనిషికే. తొర్రకు ఎదురుగా గంటల కొద్దీ నిలబడే మనిషి దానికి కొత్త. గూటి ఫొటోగ్రఫీలోని మెలకువలన్నీ ఈ తేడాను గుర్తించడంలోనే ఉన్నాయి.

ఈ విద్య ఇంగ్లండ్‌లో రిచర్డ్, చెర్రీ కియర్టన్ సోదరులతో ఊపందుకుంది. 1895లో వెలువడిన వారి ‘బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్’ పుస్తకంలో గీసిన బొమ్మలకు బదులు ఫొటోలే ఉన్నాయి. పక్షులకు దగ్గరగా వెళ్లేందుకు వారు ఎద్దు ఆకారంలో మాటు కూడా తయారు చేసుకున్నారు. భారతదేశపు పక్షుల ఫొటోలతో ఇ.హెచ్.ఎన్. లోథర్ పుస్తకం 1949లో వచ్చింది. అప్పటి కెమెరాలతో పక్షి పెద్దదిగా పడాలంటే గూటి పక్కనే మాటు వేయక తప్పేది కాదు. ఇప్పుడు 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే దూరం నుంచే ఆ పని అవుతుంది.

బంగారు వీపు వడ్రంగి పిట్ట పొడవు 26 నుంచి 29 సెంటీమీటర్లు. మగపక్షికి నెత్తి మొత్తం ఎరుపే. ఆడపక్షికి నుదుటి పైభాగం నల్లగా, తెల్లటి చుక్కలతో ఉండి, వెనక జుట్టు మాత్రమే ఎర్రగా ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా ఫిబ్రవరి నుంచి జూలై మధ్య గూడు కడుతుంది. చెట్టు కాండంలో తొలిచిన తొర్రలో ఏమీ పరవకుండానే సాధారణంగా మూడు తెల్లటి గుడ్లు పెడుతుంది. సుమారు 11 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. మరో 20 రోజులకు ఎగిరిపోతాయి.

గూటి జాడ చెట్టు మొదట్లోనే దొరుకుతుంది. తాజా చెక్క పెళ్లలు రాలి ఉన్నాయంటే పైన తవ్వకం సాగుతోందని అర్థం. తవ్వే రోజుల్లోనూ పొదిగే రోజుల్లోనూ పక్షి ఏ మాత్రం బెదిరినా గూటిని వదిలేయవచ్చు. అందుకే అనుభవజ్ఞులు పిల్లలు కాస్త ఎదిగి, తొర్ర బయటికి తలలు పెట్టే దాకా ఆగుతారు. మంచి ఫొటోలకు కూడా అదే అదను.

కెమెరాను తొర్ర కిందే పెడితే పక్షి పొట్ట, తోక తప్ప ఏమీ పడవు. దూరం జరిగితే కోణం వాలి, ముఖం, వీపు కూడా కనిపిస్తాయి. నగిషీ గీసినట్టున్న తెల్లటి చెంపల పక్కన తొర్ర చీకటి ఉంటుంది. కెమెరా ఆ చీకటిని లెక్కలోకి తీసుకుంటే తెలుపు వెలిసిపోతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాలి. కాండాన్ని పట్టుకుని ఉన్న పక్షికి సెకనులో వెయ్యో వంతు షట్టర్ చాలు, ఎగిరే క్షణానికి రెండువేలో వంతు అవసరం. ట్రైపాడ్ మీద ముందే తొర్ర అంచుకు ఫోకస్ చేసి పెట్టుకోవాలి. ముక్కున పురుగు వేలాడుతున్న దృశ్యం కోసం చూడనక్కర్లేదు. ఈ పక్షి చీమలను, వాటి గుడ్లను మింగి వచ్చి, పిల్లల నోట్లోకి కక్కి పెడుతుంది. పిల్ల గొంతులోకి పెద్ద పక్షి ముక్కు దిగే క్షణమే అసలు ఫొటో.

పక్షి పక్క చెట్టు మీదే తచ్చాడుతూ, అరుస్తూ, తొర్రకు రాకుండా ఉంటే మనిషి మరీ దగ్గరగా ఉన్నట్టే. అప్పుడు ఫొటో సంగతి వదిలి వెనక్కి జరగాలి. అడ్డుగా ఉన్న కొమ్మలను విరవకూడదు. పిల్లలకు నీడనిచ్చేవి, కాకి కంట పడకుండా దాచేవి అవే. ఫ్లాష్ వేయడం, రికార్డు చేసిన కూతలతో పక్షిని పిలవడం కూడా కూడదు. గూడున్న చోటును సామాజిక మాధ్యమాల్లో పెడితే మర్నాటికి ఆ చెట్టు కింద జనం చేరతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. దేశంలో పలు ఫొటో పోటీలు గూటి చిత్రాలను అసలు స్వీకరించవు.

ఈ జాగ్రత్తలతో తీసిన ఫొటోల విలువ అందంతోనే ముగియదు. నెత్తి రంగును బట్టి ఆడమగలను గుర్తించవచ్చు కనుక, సమయం నమోదైన వరుస ఫొటోలు ఏ పూట ఎవరు మేత తెచ్చారో చెబుతాయి. పిల్లలు వెళ్లిపోయాక అదే తొర్రలో రామచిలుకలో, గోరింకలో చేరడం కూడా వాటిలో నమోదవుతుంది. ఆ పక్షులు సాధారణంగా సొంతంగా తొర్ర తొలుచుకోవు. పాత చెట్లను, ఎండు మానులను ప్రమాదమనో చూపుకు బాగోదనో కొట్టేసే నగరంలో, ఒక తొర్ర ఎన్ని పక్షులకు ఆధారమో చూపే సాక్ష్యం ఈ ఫొటోలే.