ముందుమాట: తడికి తోడు పొడి

వంటింటి చెత్తను ఎరువుగా మార్చడం మీద పుస్తకం రాసేవాళ్లకు రెండు దారులున్నాయి. భూమాతను పొగిడి, రసాయన ఎరువులను తిట్టి ముగించడం ఒకటి. డ్రమ్ములో ఏం వేస్తే ఏమవుతుందో మూత తీసి చూసి చెప్పడం రెండోది. ఈ రచయిత్రి రెండో దారి పట్టింది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుని, ఉద్యోగమంతా పత్తి, మిరప చేల గట్ల మీదే గడిపిన నాకు ఈ చిన్న పుస్తకం నచ్చింది అందుకే.

ఈ పుస్తకం చెప్పే తిప్పుడు డ్రమ్ము కొత్తదే గాని దాని కిటుకు పాతదే. 1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ పంట చెత్తనూ పేడనూ పొరలుగా పేర్చి, మధ్యమధ్య తిరగవేసే పద్ధతిని రూపొందించారు. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య చెప్పింది ఇందుకు ఎదురు: గుంట నింపి, పైన మట్టి మెత్తి, ఆరు నుంచి ఎనిమిది నెలలు కదిలించకుండా వదిలేయాలి. మొదటి పద్ధతికి చాకిరీ ఎక్కువ, రెండోదానికి కాలం ఎక్కువ. డ్రమ్ముది ఇండోరు వంశం. పారతో చేసే పనిని ఇరుసు మీదికెక్కించి, మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాడు కూడా వారానికి రెండు మూడుసార్లు చేయగలిగేలా మార్చింది.

ఇలాంటి పుస్తకం తాడేపల్లిలో పుట్టడం సబబే. ఇక్కడ గొడ్లచావిడి వెనక దిబ్బ ఉన్న రోజులు నాకు తెలుసు. తొలకరికి ముందే ఆ ఎరువు బండ్ల మీద చేలకు చేరేది. ఇప్పుడు చావిళ్ల జాగాలో అపార్టుమెంట్లు లేచాయి. 2021లో మంగళగిరితో కలిసి మన ఊరు నగరపాలక సంస్థ అయింది. ఆ ఏడాదే రాష్ట్రంలో మొదలైన ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో తడి చెత్త, పొడి చెత్త అన్న మాటలు పిల్లల నోటా వినబడుతున్నాయి. రెంటినీ విడదీయడం సర్కారు నేర్పితే, కొలత ప్రకారం మళ్లీ కలపడం ఈ పుస్తకం నేర్పుతుంది.

మూడో అధ్యాయం పుస్తకానికి ప్రాణం. నత్రజని ఒక పాలయితే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలని మేం రైతు శిక్షణల్లో చెప్పేవాళ్లం, విన్నవాళ్లు తలలూపేవాళ్లు. ఈమె దాన్ని వంటింటి కొలతలోకి దించింది: గిన్నెడు కూరగాయ తొక్కలకు రెండు గిన్నెల ఎండాకులు. పొడి తగ్గితే ఏమవుతుందో కూడా కళ్లకు కట్టింది. అన్నం, పుచ్చకాయ తొక్కలు, టీ పిప్పి కలిసి, తిప్పినకొద్దీ లడ్డూల్లా ఉండలు కడతాయి. ఉండను విరిస్తే పైన గోధుమరంగు, లోపల నల్లటి జిగట, కుళ్లిన గుడ్డు వాసన. లోపలికి గాలి పోలేదన్నమాట. ఇంకో పదిసార్లు తిప్పినా అది విడదు. చిదిమి, గుప్పెళ్లకొద్దీ ఎండాకులో కొబ్బరి పీచో వేస్తే రెండు మూడు రోజుల్లో వాసన తగ్గుతుంది. డ్రమ్మును తిప్పేది చెయ్యే అయినా, నడిపేది పొడి.

ఆ పొడికి మన సీమలో కరువు లేదు. పత్తి ఏరాక కట్టెను, కాయ కోశాక మిరప మోళ్లను చాలామంది చేలోనే తగలబెడతారు. పట్నంలో పొడి చాలక డ్రమ్ములు కంపుకొడుతుంటే, పక్క పొలాల్లో అదే పొడి పొగైపోతోంది. రచయిత్రి ఈ సంగతిని ఒక్క వాక్యంతో దాటేసింది. మలి ముద్రణలో దీనికో అధ్యాయం ఇవ్వమ్మా. కట్టెను వేలెడు ముక్కలుగా కొట్టాలనీ, మందు కొట్టిన చేను నుంచి వెంటనే తేకూడదనీ, మిరప తొడిమలు వేసి తిప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలనీ అందులో రాయి.

పెద్దవాణ్ని కనుక మరో రెండు మాటలు. పెద్ద కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటుతుంది. చిన్న డ్రమ్ము అంత కాగదు కాబట్టి గింజలూ తెగులూ చావవు. గింజ పట్టిన కలుపునూ తెగులు సోకిన టమాటా మొక్కనూ అందులో వేయకండి. పాత 200 లీటర్ల డ్రమ్ము కొని సొంతంగా చేయించుకునేవాళ్లు, అందులో ఇంతకుముందు ఏం పోశారో అడిగి మరీ కొనండి. పురుగుమందులు ఇంతగా వాడే జిల్లాలో ఆ మాత్రం అనుమానం మంచిదే.

డ్రమ్ములో ఒక అర నిండాక అందులో తొక్క కూడా వేయకుండా మాగనివ్వాలని ఈ పుస్తకం గట్టిగా చెబుతుంది. బయటికి తీశాక మరో నెల నీడన ఉంచమంటుంది. ఎండకు నెర్రెలిచ్చి వానకు బంకయ్యే మన నల్లరేగడికి ఆ చివికిన ఎరువు చేసే మేలు, పెరట్లో నాలుగు వంగమొక్కలు పెట్టుకున్నవాళ్లకు ఏడాది తిరక్కుండానే తెలిసొస్తుంది.

పాఠకులకు ఒక్క మనవి: మాఘ ఫాల్గుణాల్లో వేప, బాదం ఆకు రాలేటప్పుడే రెండు గోతాలకు ఎత్తి పెట్టుకోండి. డ్రమ్ము ఆ తర్వాత కొనుక్కోవచ్చు.

తాడేపల్లి
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి