వ్యాయామానికి యజమాని లేడు

పరిశోధన పత్రం ఏది చేతికొచ్చినా నేను చివరి పేజీ నుంచి మొదలుపెడతాను. డబ్బు ఎవరిచ్చారు, యంత్రం ఎవరు సమకూర్చారు, రాసినవాళ్లలో ఆ కంపెనీ జీతం తీసుకునేవాళ్లున్నారా అన్నది అక్కడే, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూశాకే మొదటి పేజీకి వస్తాను. మా దగ్గర కొత్తగా చేరిన ఫిజియోథెరపీ పిల్లలకు ఇది అనుమానపు జబ్బులా కనిపిస్తుంది. కొన్నేళ్లు క్లినిక్‌లో కూర్చుంటే వాళ్లకూ అంటుకుంటుంది.

అనుమానానికి ఆధారం ఉంది. మందులు, వైద్య పరికరాల మీద తయారీ కంపెనీలు డబ్బు పెట్టిన అధ్యయనాలను మిగతావాటితో పోల్చి, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష ప్రచురించింది. కంపెనీ సొమ్ముతో నడిచినవాటిలో ఫలితాలు, ముగింపులు కంపెనీకి అనుకూలంగా రావడం ఎక్కువని తేలింది. నన్ను ఆపి ఆలోచింపజేసింది మరో సంగతి. పరిశోధన పద్ధతిలో మనం మామూలుగా వెతికే లోపాలు చూస్తే ఆ అధ్యయనాలు మిగతావాటికంటే నాసిరకమేమీ కాదు. లెక్కలు సరిగ్గానే వేస్తారు. ఏ లెక్క వేయాలో, దేనితో పోల్చాలో, ఏది అచ్చుకు పంపాలో డబ్బిచ్చినవాడి చేతిలో ఉంటే చాలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదని మనవాళ్లు అన్నది ఇందుకే.

ఎముకలు, కీళ్లు, కండరాల నొప్పులు చూసే మా విభాగంలో ఈ సమస్య ఇంకాస్త ముదురు. ఇక్కడ అమ్ముడుపోయేది యంత్రం. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మోకాలి నొప్పితో వచ్చే పెద్దావిడకు తొడ కండరం బిగించే వ్యాయామం నేర్పి, రోజూ ఇంట్లో చెయ్యమని పంపబోతే, "ఏవమ్మా, కరెంటు పెట్టవా?" అని అడుగుతుంది. నొప్పికి పెట్టే యంత్రం ఐఎఫ్‌టీ అయినా, టెన్స్ అయినా, చివరికి అల్ట్రాసౌండ్ అయినా ఆమెకు అన్నీ కరెంటే. కరెంటు పెట్టనిదే వైద్యం జరిగినట్టు కాదు, ఫీజు దండగ. ఆమెను నేను తప్పుపట్టను. పక్క వీధి క్లినిక్‌లో నాలుగు యంత్రాలు వరసగా వెలుగుతుంటే, ఉత్త చేతులతో వ్యాయామం నేర్పే మనిషిని నమ్మమంటే ఎలా నమ్ముతుంది?

ఆ అల్ట్రాసౌండ్ సంగతే చూడండి. ఇది లేని ఫిజియోథెరపీ క్లినిక్ మన దగ్గర అరుదు. 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులు రాబర్ట్‌సన్, బేకర్ అంతకుముందు పాతికేళ్లలో దీనిమీద జరిగిన 35 యాదృచ్ఛిక ప్రయోగాలను జల్లెడ పట్టారు. పద్ధతి పరంగా నిలబడినవి 10. ఆ పదింటిలో ఎనిమిది, యంత్రం ఆన్ చేసినా చేసినట్టు నటించినా ఒకటేనని చెప్పాయి. యంత్రం మాత్రం చెక్కుచెదరలేదు. మా క్లినిక్‌లోనూ ఒక మూల ఉంది.

కినీషియో టేపు కథా అలాంటిదే. జపాన్‌కు చెందిన కైరోప్రాక్టర్ కెంజో కాసే 1970ల్లో తయారుచేసిన ఈ సాగే పట్టీని 2008 బీజింగ్ ఒలింపిక్స్ వేళ 58 దేశాల క్రీడాకారులకు ఉచితంగా పంచారు. టీవీలో భుజాల మీద ఆ రంగులు చూసి ప్రపంచమంతా అతికించుకుంది. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 148 మందితో బ్రెజిల్ ఫిజియోథెరపిస్టులు చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. పట్టీని సాగదీసి చర్మం మీద ముడతలు వచ్చేలా అతికించడమే ఈ పద్ధతికి ప్రాణం అంటారు. సాగదీయకుండా ఊరికే అతికించుకున్నవాళ్లకంటే అలా అతికించుకున్నవాళ్లకు ఎక్కువ మేలేమీ జరగలేదు. ప్రచారం ముందు, పరీక్ష తర్వాత. ఈ వరస మారాలంటే పరీక్షకు డబ్బు వేరేచోటి నుంచి రావాలి.

వస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో చూశాం. కీల్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ హిల్ అనే ఫిజియోథెరపిస్టు, ఆయన సహచరులు కలిసి నడుం నొప్పి రోగుల కోసం తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు. ఎవరికి ఒక సలహా సరిపోతుంది, ఎవరికి ఫిజియోథెరపీ కావాలి, ఎవరికి దానితోపాటు భయం పోగొట్టే మాటలూ కావాలి అని ఆ జవాబులను బట్టి మూడు గుంపులు చేస్తారు. 851 మందితో చేసిన పరీక్ష 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మామూలు పద్ధతికంటే ఇబ్బంది కొంచెం ఎక్కువ తగ్గింది, మనిషికి సగటున 34 పౌండ్ల ఖర్చు కలిసొచ్చింది. ఈ పనికి డబ్బు పెట్టింది ఆర్థరైటిస్ రిసెర్చ్ యూకే అనే ధార్మిక సంస్థ. తొమ్మిది ప్రశ్నల కాగితాన్ని పెట్టెలో పెట్టి అమ్మడం కుదరదు కాబట్టి ఏ కంపెనీ అయినా దీనికి పైసా విదిలించేదని నేననుకోను. తర్వాత అమెరికాలో ఇదే పద్ధతి పెట్టి చూస్తే ఫలితం కనిపించలేదు. అదీ దాపరికం లేకుండా అచ్చయింది.

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బతుకుతున్నారని అంచనా. 2050కి 84 కోట్లు దాటుతారట. ఈ కోట్లలో మన మనుషులున్నారు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ, సీజనంతా బురదలో వంగి నాటు వేసే ఆడమనిషి, నిజామాబాద్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని మెడ వంచి బీడీలు చుట్టే అమ్మ. నాటు వేసే మనిషికి గంటకోసారి ఎన్ని నిమిషాలు నడుం వెనక్కి వంచితే సాయంత్రానికి నొప్పి తగ్గుతుంది? హమాలీకి మూట ఎత్తు ఎంత పెంచితే వెన్ను నిలబడుతుంది? బీడీల ఆవిడకు పీట ఎత్తు మార్చడం మేలా, మెడ కండరాలకు బలం పెంచడం మేలా? చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషుల్ని తీసుకుని, ఏడాదిపాటు వెంటబడి అడగాల్సిన ప్రశ్నలివి. మనవాళ్లు రాసే థీసిస్‌లో ఇవి దొరకవు.

దొరకవు, ఎందుకంటే ఫిజియోథెరపీలో పీజీ (ఎంపీటీ) చేసే విద్యార్థి జేబులో డబ్బుండదు. కాలేజీ ఓపీకి వచ్చినవాళ్లలోంచి ముప్పై మందిని పట్టుకుంటాడు. పదిహేను మందికి ఒక సాగదీసే వ్యాయామం, పదిహేను మందికి ఇంకొకటి, నాలుగు వారాలు, రెండూ బాగానే పనిచేశాయి, బైండింగ్, సంతకం, బీరువా. ఊళ్లోకెళ్లి హమాలీలను వెతకాలంటే ఆటో చార్జీలకే దిక్కులేదు. సరిగ్గా ఈ సమయానికి కంపెనీ మనిషి వస్తాడు. యంత్రం ఉచితంగా ఇస్తాం, రోగులకు సిట్టింగులు ఫ్రీ, అచ్చు ఖర్చులూ మావే అంటాడు. ఎవరు వద్దంటారు?

అలాంటి ప్రతిపాదన ఒకటి నా దాకా వచ్చింది. ఒప్పంద పత్రంలో, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫలితాలు ప్రచురించకూడదని ఒక వాక్యం ఉంది. అది కొట్టేస్తే సంతకం పెడతామన్నాం. పై వాళ్లతో మాట్లాడి చెబుతానన్న ప్రతినిధి మళ్లీ ఫోనెత్తలేదు.

కంపెనీ డబ్బంటే అంటరానిదని నా ఉద్దేశం కాదు. కొన్నిచోట్ల అమ్మేవాడి లాభం, రోగి మేలు ఒకే దారిలో నడుస్తాయి. డెన్మార్క్‌లో తరచూ మెడ, భుజం నొప్పితో బాధపడే 198 మంది ఆఫీసు ఉద్యోగులతో సాగే రబ్బరు గొట్టం పట్టి వ్యాయామం చేయించారు. పది వారాల తర్వాత రోజుకు 12 నిమిషాలు చేసినవాళ్లకూ, రెండే నిమిషాలు చేసినవాళ్లకూ నొప్పి తగ్గింది. 2011 నాటి ఆ ఫలితాన్ని చూపించి రబ్బరు అమ్ముకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. వస్తువు చవక, వ్యాయామం నిజం. నా అభ్యంతరం ప్రశ్నను కూడా అమ్మేవాడే రాయడం మీద.

అమెరికాలో ఫిజియోథెరపిస్టుల పరిశోధన కోసం 1979 నుంచి ఒక ఫౌండేషన్ ఉంది. దాతలు, సంస్థలు డబ్బు అందులో వేస్తారు. అక్కడి ఫిజియోథెరపీ విద్యార్థులు కూడా ఏటా పోటీలు పడి విరాళాలు పోగుచేస్తారు. ఎవరి ప్రశ్నకు ఇవ్వాలో నిర్ణయించేది ఆ రంగం తెలిసిన పరిశీలకులు. ఇక్కడా దారి మూసుకుపోలేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల్లో వైద్య పరిశోధనకు ఇచ్చేది కూడా ఆ పద్దులోకి వస్తుంది. తన సొంత వ్యాపారానికి పెట్టే ఖర్చును కంపెనీ ఆ పద్దులో రాసుకోకూడదు. మాకు కావలసిందీ ఆ గోడే.

విజయవాడలోని ఎన్‌టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయానికీ నాదొక విన్నపం. ఫిజియోథెరపీ పరిశోధనకు చెరొక చిన్న నిధి తెరవండి. యంత్రాల కంపెనీలనూ అందులో డబ్బు వెయ్యనివ్వండి, కానీ టాపిక్ ఎంపికలో వాళ్లకు కుర్చీ వద్దు. డబ్బు తీసుకున్న ప్రతి విద్యార్థీ మొదటి రోగిని చేర్చుకోకముందే దేశీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో వివరాలు నమోదు చెయ్యాలి. అది 2007 నుంచి ఉంది, నమోదుకు రూపాయి ఖర్చు లేదు. ఫలితం ఎలా వచ్చినా అచ్చు వెయ్యాలి. మొదటి ఏడాది మిర్చి యార్డుతో మొదలుపెడతామంటే హమాలీలతో మాట్లాడే పని నేను చూసుకుంటాను.