వనవాసిలో ఆవాల చేను

మా జల్‌పల్లిలో సాయంత్రం పూట బజ్జీల బండి దగ్గర నిలబడితే శంషాబాద్‌లో దిగే విమానాలు నెత్తి మీంచే పోతున్నట్టుంటుంది. బండాయన పామాయిల్ ప్యాకెట్ మూల పంటితో కొరికి కడాయిలో ఒంపుతాడు. ఈ మధ్య ‘వనవాసి’ రెండోసారి చదివాక ఆ ప్యాకెట్‌ని మామూలుగా చూడలేకపోతున్నాను. నవలకీ నూనెకీ ఏం సంబంధం అంటారా? ఉంది.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన ‘ఆరణ్యక్’ 1939లో పుస్తకంగా వచ్చింది. సూరంపూడి సీతారాం గారు ‘వనవాసి’గా తెలుగు చేశారు. మన దగ్గర దీన్ని అడవి అందాల పుస్తకంగానే తలుచుకుంటారు. వెన్నెల, పూలు, గుర్రం మీద ఒంటరి ప్రయాణాలు. మొదటిసారి నేనూ అలాగే చదివాను. తప్పేం లేదు, కాకపోతే అది సగం పుస్తకమే. కథ చెప్పే సత్యచరణ్ అడవిని చూడ్డానికి పోలేదు. కలకత్తాలో ఉద్యోగం దొరక్క, స్నేహితుడి జమీందారీలో మేనేజరుగా చేరాడు. వేల బిఘాల అడవిని ముక్కలు చేసి రైతులకు బందోబస్తు ఇవ్వడం, సలామీ వసూలు చెయ్యడం అతని పని. ఆ అడవిని ప్రేమిస్తాడు. జీతం తీసుకుని దాన్ని ఖాళీ చేయిస్తాడు కూడా. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు చేస్తాడు.

మనం అడవి నవలల్లో ముందు విలన్ని వెతుకుతాం. సాహు, అల్లం రాజయ్య రాసిన ‘కొమురం భీం’లో శత్రువుకి ముఖం ఉంది. జంగ్లాత్ వాళ్లు, పోలీసులు, ఎక్కడినుంచో వచ్చి పట్టా చూపించే పెద్దమనుషులు. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాడు, కానీ ఎవరి మీద పోరాడాడో ఆయనకి తెలుసు. ఇవ్వాళ అదే ఆసిఫాబాద్ ప్రాంతానికి వెళ్లండి. జొన్న ఉండాల్సిన చేలల్లో కనుచూపుమేరా పత్తి. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చాక పత్తి ఇంకా పాకింది, అడవి అంచుదాకా. ఇందులో ఎవరిని విలన్ అందాం? విత్తనాలు అప్పుకిచ్చిన షావుకారునా, నాలుగు డబ్బులొస్తాయని అడవి అంచున ఇంకో రెండు సాళ్లు వేసిన గోండు రైతునా, కాటన్ చొక్కా వేసుకుని ఇది రాస్తున్న నన్నా?

మహారాష్ట్ర తాడోబా నుంచి కవ్వాల్‌కి పులులు నడిచొచ్చే దారి ఈ చేల మధ్య నుంచే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపేసింది. ఆర్నెల్లకి, 2025 మేలో, ప్రభుత్వం ఆ దారిని కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తూ జీవో 49 తెచ్చింది. మళ్లీ మమ్మల్ని వెళ్లగొడతారా అని ఆదివాసీలు తిరగబడితే జూలైలో పక్కన పెట్టింది. ఆ భయం ఎందుకో ‘వనవాసి’ మొదటి పేజీల్లోనే ఉంది. మనం గబగబా దాటేస్తాం గానీ, ఆ అడవి ఆదిమ అడవేం కాదు. గంగ కోసేసిన పాత సాగుభూమి. మళ్లీ తేలాక, పాత రైతులు వచ్చి అడిగితే జమీందారు ఇవ్వలేదు. కొత్తవాళ్లైతే ఎక్కువ సలామీ ఇస్తారని. మనుషుల్ని రానివ్వని నేల మీద పెరిగింది ఆ అడవి. సత్యచరణ్ ఈ మాట ఒకసారి చెప్పి, ఇక వెన్నెల్లోకి వెళ్లిపోతాడు. ఈ నవలతో నా పేచీ అక్కడే. అతని దుఃఖం నిజమే, కానీ మరీ అందంగా ఉంటుంది. భానుమతిని కూడా ఆ అందంలో భాగంగానే చూస్తాడు.

అయినా ఆవాల చేను దగ్గరికొచ్చేసరికి బిభూతిభూషణ్ తన నాయకుణ్ణి మించిపోతాడు. నరికిన అడవి చోట ఆవాలు పూసి నేలంతా పసుపురంగు. సత్యచరణ్ మురిసిపోతాడు! కోతలకి ఎక్కడెక్కడి నుంచో కూలీలు, వాళ్ల వెనకాలే వ్యాపారులు. కూలి ఆవాల్లోనే ఇస్తారు. మంచి అనే అమ్మాయి (అవును, పేరే అది) కష్టపడి కోసిన ఆవాలు కొలిచిచ్చి పూసలూ తళుకు సామాన్లూ కొనుక్కుంటుంది. మోసపోయిందని మనకి తెలుసు. ఆమె మాత్రం సంబరంగా అవన్నీ చూపిస్తుంది. ఒక పంట సరుకుగా మారడం అంటే ఏమిటో నాకు ఏ వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు. చెట్టు పోయింది, గింజ వచ్చింది, గింజ కూడా చేతిలో నిలవలేదు.

నూనె గింజ కాబట్టే బజ్జీల బండి గుర్తొచ్చింది. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశం. సుమత్రా, బోర్నియో అడవుల్లో ఎంతో భాగం ఆ తోటలకే పోయింది. దిగుమతి తగ్గించాలని 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. తెలంగాణలో మొక్కలు ఎక్కువగా వరి పొలాల్లోనే వేస్తున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో మాత్రం సంగతి వేరు.

నవల్లో జుగల్ ప్రసాద్ అని ఒక పిచ్చి మారాజు ఉంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి, తనది కాని అడవిలో, ఎవరూ అడక్కుండానే నాటుతాడు. సత్యచరణ్ అతనికి సాయం చేస్తాడు. కచేరీకి తిరిగొచ్చి ఇంకో పట్టా మీద సంతకం పెడతాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు జుగల్ ప్రసాద్ నచ్చాడు. ఈసారి ఆ సంతకం దగ్గర ఆగిపోయాను.

ఇది మేనేజరు చెప్పిన కథ. కలకత్తాలో కూర్చుని, వెళ్లిపోయిన చాలా ఏళ్లకి గుర్తు చేసుకుంటూ చెప్పాడు. కాగజ్‌నగర్ దగ్గర, వెనకాల పులి ఉందేమోనని చూసుకుంటూ పత్తి ఏరే మనిషి చెప్పే నవల తెలుగులో నేనింకా చదవలేదు. మీలో ఎవరైనా చదివుంటే పేరు చెప్పండి.