బందరు పేటలు: మన పురచరిత్రల తీరు

మా జహీరాబాదునకును సముద్రమునకును నాలుగు వందల కిలోమీటర్లకు మించిన దూరము కలదు. మా బడిపిల్లలలో సముద్రమును కన్నులార చూచినవారు అరుదు. అయినను మా ఊరిని తాకి పోవు రహదారి పూనాలో బయలుదేరి, షోలాపురము మీదుగా మమ్ము దాటి, హైదరాబాదును, విజయవాడను గడచి మచిలీపట్నములో ముగియుచున్నది. గోలకొండ సుల్తానుల కాలమున ఆ రేవే రాజ్యమునకు ముఖద్వారము. గోలకొండ సీమ వస్త్రములు ఓడలెక్కినది అక్కడనే. మక్కా యాత్రికులు ప్రయాణమైనదియు అక్కడనుండియే. కావున బందరును గూర్చి రెండు మాటలాడుటకు మెట్టసీమవారమైన మాకును కొంత హక్కు కలదని తలంచుచున్నాము.

ఆ పట్టణమును గూర్చి తెలుగున వెలువడు వ్యాసములును చిన్న పుస్తకములును మేము చదివినంతవరకు అన్నియు ఒకే మూసలో పోసినట్లున్నవి. 1605లో వలందావారు వచ్చిరి. 1611లో ఇంగ్లీషువారు వచ్చిరి. 1641లో ఇంగ్లీషువారు తమ ముఖ్యస్థానమును చెన్నపట్నమునకు మార్చుకొనిరి. 1669లో ఫ్రెంచివారు వర్తకశాల నెలకొల్పిరి. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు వారి చేతినుండి కోటను లాగికొనెను. పిమ్మట వలందావారి శ్మశానవాటికలోని చెక్కడపు రాళ్ల వర్ణన, కోట శిథిలముల వర్ణన, దానితో గ్రంథము సమాప్తము. తారీఖులు సత్యములే, వానియందు మాకు ఆక్షేపణ లేదు. ఇది ఊరి చరిత్రయా, లేక ఊరికి వచ్చి పోయినవారి చరిత్రయా అనునదే మా ప్రశ్న.

గోరీల రాళ్లను చదివినవారు వీధుల పేర్లను చదువలేదు. బందరులో వలందపాలెము కలదు, ఇంగ్లీషుపాలెము కలదు, ఫ్రెంచిపేట కలదు, పరాసుపేట కలదు. హొల్లాండా అను పేరు తెలుగువాని నోటబడి వలందా అయినది, ఫరాసు పరాసయినది. ఒక్క జాతికే రెండు పేటలలో రెండు పేర్లున్నవి చూడుడు! ఒకటి వినికిడిచే ఏర్పడినది, మరియొకటి పుస్తకమునుండి దిగినది. ఏ శాసనమును చెప్పని సంగతిని ఈ పేర్లు చెప్పుచున్నవి. ఆ పరదేశులతో బేరమాడినవారును, వారికి మూటలు మోసినవారును, వారి వంటయిండ్లలో నీళ్లు పోసినవారును తెలుగువారే. వారు ఆ జాతులను తమ నాలుకకు అనువుగా మార్చుకొని పిలిచిరి. 1824 నాటి సంధిచే హిందూదేశమునందలి వలందా స్థానములు ఇంగ్లీషువారి కీయబడెను. వలందాల జెండా దిగి రెండు వందల యేండ్లు దాటినది. వలందపాలెము మాత్రము నేటికిని వలందపాలెమే. రాతికంటె పేరు గట్టిదనుటకు ఇంతకుమించిన నిదర్శనమేల?

రెండవ లోపము ఇంకను పెద్దది. పరదేశులు ఈ తీరమునకు దేనికొరకు వచ్చిరి? వస్త్రముకొరకు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథమే మసాలియా యను సీమ సన్నని నూలుబట్టలను పేర్కొనినది. చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలమును పట్టించి, కరక్కాయ కషాయమున బట్టను నానబెట్టి, చెక్క అచ్చులతో అద్దిన కలంకారీయే బందరు పేరును దేశదేశములకు మోసినది. ఆ పని నేటికిని సమీపమునందలి పెడనలో సాగుచున్నది. అద్దకపువారి వీధి యెట్లుండెడిదో, బట్టను ఏ కాలువనీటిలో జాడించెడివారో, ఆ యింటి ఆడువారు ఏ పని చేసెడివారో మన పురచరిత్రలలో వెదకిన ఒక పుటయు దొరకదు. కొనినవాని గోరీ చరిత్రయయ్యెను. నేసినవాని గుడిసె చరిత్ర కాలేదు. ఇది తెలియక జరిగిన లోపమని మేము నమ్మజాలము. మన యిండ్లలో గొప్పవారికి వేయు పీటయే మన పుస్తకములలోను వేయుచున్నాము.

ఇక 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన తుపాను. ఉప్పెన ఊరిని ముంచినది. సుమారు 30,000 మంది మరణించిరి. పెక్కు పుస్తకములలో దీనికి దక్కినది ఒక్క వాక్యము. ఒక కోట పట్టుబడుటకు నాలుగు పుటలును, ముప్పదివేల ప్రాణములు పోవుటకు ఒక వాక్యమునా? ఇది కేవలము న్యాయమునకు సంబంధించిన మాట కాదు, క్షేమమునకు సంబంధించినది. ఏ పేటలో నీరు ఎంతవరకు వచ్చినదో, ఏ మెట్టమీది యిల్లు నిలిచినదో వీధివారీగా వ్రాసియుంచిన చరిత్ర మనుమలకు ప్రాణరక్ష కాగలదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు, పూర్వుల జ్ఞాపకము ఎంత విలువగలదో ఆ తీరము మరల తెలిసికొనెను.

ఈ శిథిలములు దాస్యచిహ్నములు గనుక నేలమట్టమైన నేమి యను మిత్రులు కొందరున్నారు. వారి అభిమానము మాకు తెలియును, కాని వారి తర్కము నిలువదు. ఇంగ్లండు దక్షిణతీరమున బ్రైటన్ అను పట్టణము కలదు. అక్కడి రాజభవనమునకు నాష్ అను శిల్పి 1815 మొదలు 1822 వరకు మన దేశపు గుమ్మటములవంటి గుమ్మటములను కట్టెను. రాజకుటుంబము దానిని వలదనుకొనగా 1850లో ఆ పురజనులే కొనిరి. మొదటి మహాయుద్ధమున 1914 డిసెంబరునుండి 1916 జనవరివరకు అది గాయపడిన హిందూదేశ సైనికులకు వైద్యశాల యయ్యెను. ప్రక్కనున్న హోవ్ పట్టణమున పాత గృహపంక్తులను పడగొట్టు ప్రస్తావన రాగా, 1945లో పౌరులు సంఘముగా చేరి అడ్డుకొనిరి. పరదేశపు రూపముగల కట్టడమును వారు తమ కథలో భాగముగా చేసికొనిరి. మనము మన కథనే పరదేశపువారి కథగా చెప్పుకొనుచున్నాము. భేదము రాళ్లలో లేదు, కథ చెప్పువారిలో కలదు.

బందరు స్వయముగా కట్టుకొనినవి లేకపోలేదు. 1902లో కృష్ణాపత్రిక వెలసినది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. 1923లో పట్టాభిగారే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో ఆ బ్యాంకు మరియొక బ్యాంకులో లీనమై, వీధిలోని పలకపై పేరుకూడ మారిపోయినది. మనము చూచుచుండగానే ఒక పేరు పోయినది. 2023లో బందరున నూతనమైన రేవు పనులు మొదలైనవి. రేవు రావలసినదే, పిల్లలకు పని దొరకవలసినదే. కాని రేవు వెంట వెడల్పు బాటలు వచ్చును, బాటల వెంట క్రొత్త పేర్లు వచ్చును. పరాసుపేట యేదో యొక నగరుగా, వలందపాలెము మరియొక కాలనీగా మారుటకు ఎంతకాలము పట్టును?

కోటకు మరమ్మతు చేయుట ప్రభుత్వము పని. వీధి పేరును నిలుపుట మన పని. దానికి పైకము అక్కరలేదు. ప్రతి యింటను ముదుసళ్లున్నారు. వారినడిగి తమ పేటకు ఆ పేరెట్లు వచ్చెనో, అక్కడ ఏ పనివారుండిరో, నీరు ఎంతవరకు వచ్చెనో పిల్లలచేత ఒక నోటుపుస్తకమున వ్రాయింపవలెను. అవ్వలను ముందుగా అడుగవలెనని మా మనవి. ఇంతవరకు వారినెవరును అడుగలేదు. మా తరగతిలో ఈ పని మొదలుపెట్టితిమి. మాకు సముద్రము లేదు, కోట లేదు. అయినను పిల్లలు మొదటి వారముననే మేమెరుగని మూడు సందుల పేర్లు తెచ్చిరి. రహదారి ఈ చివర మాకే ఇన్ని దొరకగా, ఆ చివర బందరువారికెన్ని దొరకవు?